ఆల్చిప్ప క్రింది బురద

స్వాతికార్తెలో కురిసిన చినుకు ఆల్చిప్ప నోట బడి ముత్యమగునని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాటయందలి సొగసును కాదనువారెవరును లేరు గాని, తరతరములుగా ఆల్చిప్పను తలచినప్పుడెల్ల మన చూపు దాని నోటిలోనికి ఆకాశమునుండి రాలు బిందువు మీదనే నిలిచిపోయినది. దాని క్రిందికి, బురదలోనికి, రేయింబవళ్లు రాలుచుండు వస్తువేమో విచారించిన రసికుడు ఒక్కడును కనబడడు. అందుకు వారిని తప్పుపట్టరాదు, ఏలయన క్రింద రాలునది మలము. అయినను, నదులు సముద్రమును గలియు మొగలలో నీరు తేటగా నిలుచునా, మురిగిపోవునా అను ప్రశ్నకు సమాధానము చాలవరకు ముత్యములో గాక, బురదపై బడిన ఆ మలపు ముద్దలలోనే దాగియున్నది.

నదీముఖము రెండు నీళ్ల నడుమ తెగని వ్యాజ్యము నడచుచోటు. పోటువేళ ఉప్పునీరు లోనికి చొచ్చుకొని వచ్చును. పాటువేళ నదీజలము దానిని వెనుకకు నెట్టుకొనిపోవును. ఈ రాకపోకల నడుమ, నది తన పరీవాహప్రాంతమంతటినుండి కడిగి తెచ్చిన సారము, అనగా పొలములలోని ఎరువు, పశువుల పేడ, పట్టణముల మురుగు, అడవులలో కుళ్లిన ఆకు, కొంతకాలము అచ్చట నిలిచి, పిమ్మట సముద్రగతమగును. ఆ సారములో ముఖ్యమైనవి నత్రజని, భాస్వరములు. కంటికానని వృక్షప్లవకములు, అనగా నీటిలో తేలియాడు ఏకకణపు నాచుజాతులు, వీనిని మేసి పెరుగును. వానిని మేసి చిన్నప్రాణులు, వానిని మేసి చేపలు పెరుగును. కావున నత్రజని తనంతట చెడ్డది కాదు. మితముగా నున్నంతవరకు అది మొగలకు అన్నము. 1913లో జర్మనీ దేశమందలి ఓప్పావులో గాలినుండి అమోనియాను తయారుచేయు కర్మాగారము వెలసినది మొదలు, ఆ అన్నము క్రమముగా మితిమీరుచు వచ్చినది. పొలమున చల్లిన ఎరువులో పైరు గ్రహింపగా మిగిలినది వానకు కొట్టుకొని వాగులోనికి, వాగునుండి నదిలోనికి, నదినుండి మొగలోనికి చేరును. అచ్చట నాచు కుప్పతెప్పలుగా పెరిగి, నీటిని పచ్చని చారువలె జేసి, చచ్చి అడుగునకు దిగును. దానిని కుళ్లించు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును పీల్చివేయును. ఊపిరాడక చేపలు, పీతలు పారిపోవును, పారిపోలేనివి చచ్చును.

ఈ వ్యాధి లక్షణములను, అందులో ఆల్చిప్ప పాత్రను, అన్నిటికంటె క్షుణ్ణముగా పరీక్షించిన స్థలము అమెరికా తూర్పుతీరమందలి చెసపీక్ అఖాతము. మేరీలాండ్, వర్జీనియా రాష్ట్రముల నడుమ ఉత్తరదక్షిణములుగా సుమారు 320 కిలోమీటర్ల పొడవున సాగిన ఈ జలాశయము ఆ దేశపు నదీముఖములన్నిటిలో పెద్దది. ఇంతటి విస్తీర్ణమునకు దాని సగటులోతు ఆరున్నర మీటర్లు మాత్రమే. అనగా రెండంతస్తుల మేడ మునుగునంత. అందులోనికి వచ్చు మంచినీటిలో దాదాపు సగము సస్క్విహానా నదిదే. ఆరు రాష్ట్రములలో వ్యాపించి, రమారమి 1,66,000 చదరపు కిలోమీటర్లుగల పరీవాహభూమి తన మురికినంతయు ఈ లోతులేని పళ్లెములో కడుగుకొనుచున్నది. అది చాలదన్నట్లు, వేసవిలో తేలికయైన నదీజలము పైనను, బరువైన ఉప్పునీరు క్రిందను పొరలుగా నిలిచి, పైగాలి అడుగునకు చేరకుండ మూతవేసినట్లగును. ఏటేట వేసవిలో అఖాతపు నడిలోతులు ప్రాణవాయువు లేని మృతప్రదేశములగుట ఈ రెండు కారణముల కలయిక వలననే.

పూర్వమిట్లు లేదు. అఖాతమంతటను ఆల్చిప్పలు ఒకదానిపై నొకటి అంటుకొని దిబ్బలుదిబ్బలుగా పెరిగియుండెను. ఆ దిబ్బలకు తగిలి ఓడలు నిలిచిపోయెడివి. పంతొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఇనుపపండ్ల వలలతో అడుగును గోకి వానిని పెకలించుట మొదలైనది. బాల్టిమోరు నగరమున డబ్బాలలో మాంసమును నిలువచేయు పరిశ్రమ, దానిని దూరదేశములకు చేర్చు రైలుబండి, రెండును ఒక్కసారిగా చేతికి రాగా, మనుష్యుని ఆకలికి హద్దు లేకపోయినది. 1884-85లో మేరీలాండ్ ఒక్క రాష్ట్రమే దాదాపు కోటిన్నర బుషెళ్ల ఆల్చిప్పలను తీసినది. దిబ్బలకై పడవవాండ్రు తుపాకులు పట్టుకొని పోట్లాడుకొనిరి. ప్రభుత్వము నీటిమీద పోలీసుదళమును నిలుపవలసివచ్చెను. ఇరువదవ శతాబ్దపు నడుమ రెండు రోగములు వచ్చి మిగిలిన వానిని తుడిచిపెట్టినవి. నేడున్నవి పూర్వసంఖ్యలో నూటికొకటియో రెండో అని అంచనా.

1988లో రోజర్ న్యూవెల్ అను శాస్త్రజ్ఞుడు కాగితముపై ఒక లెక్క వేసెను. 1870కి పూర్వమున్న ఆల్చిప్పలు అఖాతములోని నీటినంతటిని వడపోయుటకు ఎన్ని దినములు పట్టియుండును? వేసవిలో మూడునుండి ఆరు దినములు. మరి ఆయన కాలమున మిగిలియున్న వానికో? దాదాపు సంవత్సరము. ఇది స్థూలమైన అంచనాయే. ఆల్చిప్పలన్నియు తీరములందు, నీరంతయు నడుమ ఉన్నప్పుడు ఏ నీరు ఎన్నిసార్లు వాని మొప్పలలోనికి వచ్చునో చెప్పుట కష్టమని తరువాతివారు ఆక్షేపించిరి. ఆక్షేపణ న్యాయమైనదే గాని, ఒక్క అంకెతో అంతమంది మనసులను కదల్చిన లెక్కలు జీవశాస్త్రములో మిక్కిలి అరుదు.

వడపోత యెట్లు జరుగును? చిప్పలు రెండును కొంచెము తెరచుకొనగానే, మొప్పలపై నుండు నూగువంటి సన్నని రోమములు లయబద్ధముగా కదలి నీటిని లోనికి లాగును. నీటిలోని రేణువులు మొప్పల జిగటలో చిక్కుకొని, దారమువలె సాగి, నోటివైపు పయనించును. నోటి ప్రక్కన నున్న పెదవుల వంటి అవయవములు అచ్చట కూర్చుండి బియ్యములో రాళ్లేరు గృహిణివలె తిండికి తగినదానిని, తగనిదానిని విడదీయును. తగినది కడుపులోనికి పోయి, జీర్ణము కాగా మిగిలినది మలమగును. తగనిది, అనగా ఒండ్రుమట్టియు, ఎక్కువైన నాచును, కడుపు చూడకుండనే జిగటలో చుట్టబడి ముద్దయై బయటకు త్రోయబడును. దీనికి శాస్త్రజ్ఞులు మిథ్యామలమని పేరుపెట్టిరి. బాగుగా పెరిగిన చిప్ప వెచ్చని నీటిలో అనుకూలమైనవేళ రోజునకు 190 లీటర్ల వరకు వడపోయగలదని వాడుకలో నున్న మాట. సామాన్యముగా అది చేయు పని ఇంతకంటె చాల తక్కువ, చలికాలములో ఇంచుమించు శూన్యము. అయినను, ఈ రెండువిధముల ముద్దల బరువునందే రహస్యమున్నది. నీటిలో దినములకొలది తేలియాడవలసిన సూక్ష్మరేణువు, ముద్దగా కట్టబడిన మరుక్షణమే అడుగునకు దిగును. నీరు తేటపడును, వెలుతురు లోనికి చొరబడును, అడుగునను సముద్రపుగడ్డి పెరుగును.

ఇంతవరకు చెప్పి, ‘కావున ఆల్చిప్ప నీటిని శుద్ధిచేయును’ అని ముగించుట లోకమున ఆచారమైపోయినది. పచ్చని నీటితో నిండిన రెండు గాజుతొట్లలో ఒకదాని యందు ఆల్చిప్పలను వేసి, గంటసేపటికి అందలి నీరు స్ఫటికమువలె మారుట ప్రదర్శనశాలలలో చూపుదురు. చూచువారు చప్పట్లు కొట్టుదురు. చప్పట్లు కొట్టుటకు మునుపు, నాచులోనున్న నత్రజని యేమైనదని అడుగువాడు ఒక్కడైన నుండవలదా? ఇల్లు ఊడ్చిన చెత్తను చాపక్రిందికి త్రోసినను ఇల్లు శుభ్రముగనే కనబడును.

నత్రజని నశింపదు, దాని దారి మాత్రము మారును. ఆల్చిప్ప మ్రింగిన దానిలో కొంతభాగము మాంసమగును. ఎండించిన మాంసపు బరువులో నూటికి 8.2 వంతులు నత్రజని, 0.9 వంతు భాస్వరము అని లెక్క. ఆ ప్రాణిని తీసి భోజనపు బల్లపై పెట్టినచో, అంతవరకు నత్రజని నీటిని విడిచిపోయినదే. మరికొంత భాగము అమోనియారూపమున మూత్రముగా వెంటనే నీటిలోనికి తిరిగివచ్చును. ఇది చిన్నవిషయము కాదు. దక్షిణ కరొలైనాలోని నార్త్ ఇన్లెట్ అను ఉప్పుకయ్యలో రిచర్డ్ డేమ్ అను ఆయన 1980 ప్రాంతములందు ఆల్చిప్పల దిబ్బపై పారదర్శకమైన సొరంగము వంటి మూతను అమర్చి, ఒకకొనను ప్రవేశించు నీటిని, మరియొక కొనను వెలువడు నీటిని పోల్చిచూచెను. లోనికి పోవునప్పుడు నీటిలో నాచు ఎక్కువ. వెలికి వచ్చునప్పుడు నాచు తక్కువ, అమోనియా ఎక్కువ. అనగా దిబ్బ కేవలము జల్లెడ కాదు. ఘనమైన ఆహారమును కరగిన ఎరువుగా మార్చి మరల నీటికే అప్పగించు యంత్రము కూడ. నాచును మేసిన పశువు నాచుకే ఎరువు వేయుచున్నది.

మూడవ భాగము అడుగునకు దిగునట్టి ముద్దలు. అసలు తీర్పు జరుగునది ఇక్కడ.

బురదను చేతితో తీసి చూడుడు. పైపొర గోధుమవన్నెగా నుండును; దాని మందము కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. దాని క్రింద నల్లని బురద, కుళ్లిన గ్రుడ్ల వాసనతో. పైపొరలో ప్రాణవాయువు కలదు, క్రిందిపొరలో లేదు. మలపు ముద్ద పైపొరపై బడగానే సూక్ష్మజీవులు దానిని ఛిద్రముచేసి అమోనియాను విడుదల చేయును. ప్రాణవాయువున్న పొరలో మరియొక జాతి సూక్ష్మజీవులు ఆ అమోనియాను నైట్రేట్‌గా మార్చును. ఆ నైట్రేట్ మెల్లగా క్రిందికి ఇంకి, ప్రాణవాయువు లేని చీకటిలో, వేరొక జాతికి ఊపిరియగును. గాలిలేని ఆ లోకమున అవి నైట్రేట్‌లోని ఆమ్లజనిని పీల్చుకొని, నత్రజనిని వాయురూపమున విడిచిపెట్టును. వాయువు నీటిలోనుండి పైకి లేచి ఆకాశమును చేరును. మన చుట్టునున్న గాలిలో నూటికి 78 వంతులు ఆ వాయువే గనుక, అచ్చటికి చేరిన పిమ్మట ఆ నత్రజని నాచునకు సులభముగా దొరకదు. ఓప్పావులో గాలినుండి దింపిన దానిని మరల గాలికి అప్పగించు ఈ క్రియకు వినత్రీకరణమని పేరు. దీని చమత్కారమంతయు సాన్నిహిత్యమునందున్నది: గాలి కావలసిన జీవులును, గాలి గిట్టని జీవులును వెండ్రుకవాసి దూరమున ఇరుగుపొరుగులై, ఒకరి ఎంగిలి మరియొకరికి అన్నముగా కాపురము చేయవలెను.

న్యూవెల్ తన సహచరులైన కార్న్‌వెల్, ఓవెన్స్ అనువారితో కూడి 2002లో ప్రకటించిన ప్రయోగము ఈ విషయమును స్పష్టపరచినది. వారు బురద నింపిన పాత్రలలో మలపు ముద్దలకు ప్రతిగా నాచుముద్దలను వేసి, కొన్నింటికి ప్రాణవాయువును ఇచ్చిరి, కొన్నింటికి ఇవ్వలేదు. కొన్నింటిని చీకటిలో నుంచిరి, కొన్నింటికి వెలుతురు చూపిరి. ప్రాణవాయువు కలిగి చీకటిగా నున్నచోట నత్రజనిలో కొంతభాగము వాయువై పోయినది. వెలుతురున్నచోట బురదపై మొలచిన సూక్ష్మమైన నాచుపొర అమోనియాను ముందుగనే పట్టుకొని తన శరీరములో దాచుకొన్నది. ప్రాణవాయువు లేనిచోట ఈ రెండును జరుగలేదు. వచ్చిన నత్రజని వచ్చినట్లే అమోనియాగా నీటిలోనికి పొంగిపోయినది. భాస్వరము సంగతియు ఇట్టిదే. గాలియాడు బురదలో అది ఇనుపతుప్పుకు అంటుకొని కదలక పడియుండును. గాలి కరవై గంధకపు విషవాయువు పుట్టగానే ఇనుము దానిని వదలి గంధకమును వరించును, విడువబడిన భాస్వరము నీటిలోనికి లేచివచ్చును.

కావున ఒకే ఆల్చిప్ప ఒకచోట వైద్యుడు, మరియొకచోట విషకారి కాగలదు. నీరు పారునట్టి, లోతులేని, గాలియాడు చోట దాని మలము ఔషధము. పారుదలలేని మడుగులో వ్యాపారదృష్టితో లెక్కకు మించి ఆల్చిప్పలను పెంచినచో అదే మలము రోగము. ఫ్రాన్సు దక్షిణతీరమందలి ‘తో’ అను ఉప్పుకయ్య ఆల్చిప్పల సాగుకు ప్రసిద్ధము; అచ్చట వేడిమి మిక్కిలియై గాలి స్తంభించిన కొన్ని వేసవులలో అడుగు కుళ్లి, నీరు పాలవలె తెల్లబారి, సాగుచేసిన చిప్పలన్నియు చచ్చుట కలదు. దానికి ఆ ప్రాంతపు జాలరుల భాషలో మలైగ్ అని ప్రత్యేకముగా ఒక పేరే ఉన్నది. ఒక విపత్తునకు జనులు పేరుపెట్టిరనిన, అది ఒకసారి వచ్చిపోయినది కాదని గ్రహింపవలెను.

మరియొక విచిత్రము. సాన్ ఫ్రాన్సిస్కో అఖాతపు ఉత్తరభాగమున 1986లో ఆసియానుండి ఓడల అడుగునీటితో వచ్చిన ఒక చిన్న గుల్లజాతి కనబడి, కొలదికాలముననే అడుగంతయు ఆక్రమించెను. అటుపిమ్మట అచ్చట వేసవిలో వచ్చుచుండిన నాచుపంట దాదాపు అదృశ్యమయ్యెను. నీరు తేటపడినదని సంతసింపవలెనా? ఆ నాచును నమ్ముకొన్న చిన్నప్రాణులును, వానిని నమ్ముకొన్న చేపపిల్లలును తిండిలేక అల్లాడినవి. తేటనీరే పరమార్థమైనచో స్వేదనజలమును మించిన సముద్రము ఉండదు.

ఇంతవరకు ఆల్చిప్పను ఏకవచనమున చెప్పితిని, అది పొరపాటు. 1877లో కీల్ నగరపు ఆచార్యుడు కార్ల్ మోబియస్, ఉత్తరజర్మనీ తీరమందలి ఆల్చిప్పల తిన్నెలు ఏల క్షీణించుచున్నవో ప్రభుత్వముపక్షమున పరీక్షింపబోయి, తిన్నె యనగా ఆల్చిప్పల గుంపు మాత్రము కాదనియు, వానితోపాటు జీవించు పురుగులు, పీతలు, నత్తలు, స్పంజికలు మొదలగు వానియన్నిటి సమాజమనియు గుర్తించి, ఆ భావమునకు ‘జీవసమాజము’ అను అర్థముగల క్రొత్తమాటను కల్పించెను. పరిసరశాస్త్రమునకు పునాదిరాళ్లలో ఒకటియైన ఆ భావము ఆల్చిప్పల బురదలోనుండియే పుట్టినది. సూక్ష్మజీవుల కాపురమునకు ఇల్లు కట్టునది ఈ సమాజమే. చిప్పల సందులలోని పురుగులు బురదలోనికి బొరియలు త్రవ్వి గాలిని క్రిందికి చేరవేయును. ఒక్కొక్క బొరియ గోడయు గాలిపొర, గాలిలేనిపొర కలిసికొను క్రొత్త సరిహద్దగును. వంకరటింకర చిప్పలు ప్రవాహమును విరిచి ముద్దలు కొట్టుకొనిపోకుండ నిలుపును. చెసపీక్‌కు ఉపనదియైన చాప్టాంక్‌లో పునరుద్ధరించిన దిబ్బను దిబ్బలేని అడుగుతో పోల్చి చూచినప్పుడు, 2013లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, ఆగస్టునెలలో దిబ్బ విడిచిన నత్రజనివాయువు జలాశయములలో అంతవరకు కొలిచిన మిక్కిలి పెద్ద మొత్తములలో ఒకటిగా తేలినది. ఒంటిచిప్పను వేయి ముక్కలుగా కోసి పరీక్షించినను ఈ సంగతి తెలియదు.

దీనికి వెల కట్టుటయు ఆరంభమైనది. 2016లో చెసపీక్ వ్యవహారములు చూచు నిపుణులసంఘము, సాగుచేసి తీసిన ఆల్చిప్పల మాంసములోని నత్రజని, భాస్వరములను కాలుష్యనివారణ పద్దులో జమకట్టవచ్చునని అంగీకరించెను. మూడంగుళముల చిప్పలు పది లక్షలు తీసినచో పోవునది సుమారు 90 కిలోల నత్రజని. విన్నవారికి నిరుత్సాహము కలుగవచ్చును. పది లక్షల ప్రాణులు, తొంబది కిలోలు! అందుకే నాకు మాంసపులెక్క కంటె బురదలెక్కయే గొప్పదిగా తోచును. మాంసము ఒక్కసారి తీసినంతనే ముగియును. దిబ్బను దిబ్బగా విడిచిపెట్టినచో అది ఏటేట, అడుగకుండనే, ఆ పనిని చేయుచుండును. మేరీలాండ్‌లోని హారిస్ క్రీక్ అను పాయలో 2015 నాటికి సుమారు 350 ఎకరముల అడుగున ఆల్చిప్పల దిబ్బలను తిరిగి నిలిపి, రెండువందల కోట్లకు పైగా పిల్లలను నాటిరి. అవి ఏటికి నలుబదియారువేల కిలోలకు పైబడిన నత్రజనిని తొలగింపగలవని గణితనమూనాలు చూపినవి. అంకె నమూనాది, కొలతది కాదు. అయినను ఒక్కసారి లెక్కకు, ఏటేటి లెక్కకు గల అంతరము గమనింపదగినది.

పిల్లలను నాటుటకు కావలసినది చిప్పయే. నీటిలో రెండుమూడు వారములు ఈదిన ఆల్చిప్ప శిశువు, ఏదో యొక గట్టివస్తువునకు, అందును తన జాతివారి పాతచిప్పకు, అంటుకొని జన్మాంతము అచ్చటనే ఉండిపోవును. చిప్ప లేనిచో బురదలో మునిగి చచ్చును. పూర్వము మేరీలాండ్‌వారు చిప్పలను బాటలకు పరచిరి, సున్నపుబట్టీలలో కాల్చిరి. మనమును అదే చేసితిమి. కోరంగి మడ అడవుల అంచున నున్న కాకినాడ అఖాతమునుండి, గాజురేకువంటి పలుచని చిప్పలును, నెత్తురులో మనవలెనే రక్తవర్ణద్రవ్యము కలిగి ఊపిరాడని బురదలో సైతము బ్రతుకగల గుల్లలును, బస్తాలకొలది బట్టీలకు తరలినవి. గోడకు వేసిన గుల్లసున్నపు నునుపును, తమలపాకుపై రాచిన గుల్లసున్నపు ఘాటును ఎరిగినవారికి, అది గోదావరిమొగలోని బురదకు గాలియాడించిన జీవుల యెముకయని తోచియుండదు. తాంబూలము వేసికొనునప్పుడు నాకును తోచలేదు.

నేడు మేరీలాండ్‌లో భోజనశాలలు తిని పారవేసిన చిప్పలను ఏరి తెచ్చి, ఎండలో నెలలతరబడి ఆరబెట్టి, కడిగి, కేంబ్రిడ్జి పట్టణము చెంతనున్న హార్న్ పాయింట్ పిల్లలకేంద్రమున నీటితొట్లలో పరచి, వానిపై శిశువులను ఎక్కించుచున్నారు. ఒక్కొక్క పాతచిప్పపై ఆవగింజలవంటి చుక్కలు కొన్ని కనబడును. ఆ చిప్పలను పడవపై గుట్టగా పోసికొనిపోయి, పాయ నడుమ నీటిగొట్టములతో చిమ్మి దింపుదురు. పచ్చని నీటిలో తిరిగితిరిగి దిగి, చిప్ప పాతదిబ్బపై ఒరిగి నిలుచును. నీరు కుదుటబడిన పిమ్మట ఆవగింజంత ప్రాణి కొంచెము నోరు తెరచి, ఆ పచ్చదనములో తనకు పట్టినంత లోనికి లాగుకొని, ఇసుకరేణువంత ముద్దను క్రింది బురదపైకి విడుచును.